సినిమా పేర్లు నేను చెబుతాను, మీ ఆయనతో మాట్లాడాల్సింది మాత్రం మీరే

హనుమకొండ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను: "మా ఆయనకు భూపాలపల్లి గనిలో డ్యూటీ. ఆదివారం ఒక్కరోజే ఇంట్లో ఉంటారు. ఆ పూట అందరం కలిసి ఒక సినిమా చూడాలని నా కోరిక. బాబు తొమ్మిదో తరగతి, ఐఐటీ ఫౌండేషన్‌లో ఉన్నాడు. పాపకు పదేళ్లు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. యానిమేషన్ సినిమా పెడితే చాలు, చిన్నపిల్లల బొమ్మలు అంటూ మా ఆయన ఫోన్ పట్టుకుని లోపలికి పోతారు. 'మహావతార్ నరసింహ'కు మాత్రం ఆయనే అందరినీ తీసుకెళ్లారు, స్తంభం పగిలే చోట దండం కూడా పెట్టుకున్నారు. ఎక్కువమందికి తెలియని, పెద్దవాళ్లు కూడా కూర్చుని చూసే మంచి యానిమేషన్ సినిమాలు చెప్పండి. బాబు కూడా ఈ మధ్య నాన్నతో మాట్లాడటం మానేశాడు, ఏదున్నా నాతోనే చెప్పిస్తాడు. ఫిజిక్స్ నోట్సు మూలల్లో ఉరికే కుక్క బొమ్మ గీశాడని, పేజీలు గబగబా తిప్పితే అది నిజంగానే ఉరికేది, ఆయన కోపంలో ఆ పేజీలు చించేశారు. నేను అక్కడే ఉన్నాను కానీ ఏమనగలను? ఏరి బీరువాలో దాచాను. కలిసి కూర్చుంటే అన్నీ అవే సర్దుకుంటాయని ఆశ."

అమ్మా, సినిమాల పేర్లకేం కొదవ లేదు, చెబుతాను. కానీ అసలు సంగతిని మీరు ఉత్తరం చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు రాసేశారు, నాకు అక్కడే మనసు ఆగిపోయింది.

మీ ఆయనకు బొమ్మల సినిమా అంటే పడదన్న మాట నేను ఒప్పుకోను. నరసింహస్వామి సినిమాకు దండం పెట్టుకున్న మనిషి ఆయన, అవీ ఎవరో కూర్చుని చేసిన బొమ్మలే కదా. అసలు మన దగ్గర బొమ్మలతో కథ చెప్పడం పిల్లల ఆట ఎప్పుడైంది? చేర్యాలలో పటాలు గీసే నకాషీ కళాకారులు గజాల కొద్దీ గుడ్డ మీద కథంతా గీసిస్తే, కథలు చెప్పే కూనపులి వాళ్లు పద్మశాలీల వాడల్లో ఆ పటాన్ని ఒక్కో బొమ్మా విప్పుకుంటూ మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు, పెద్దలంతా కూర్చుని వినేవాళ్లు. మీ అత్తమ్మను అడగండి, ఆమెకు గుర్తుండొచ్చు. తెర మీద ఎవరో గీసిన బొమ్మతో మీ ఆయనకు పేచీ లేదు. భయమంతా తన కొడుకు గీసే బొమ్మ గురించే.

ఆ భయం నాకు అర్థమవుతుంది. గనిలో దిగి కష్టం చేసే మనిషి, కొడుక్కి ఆ కష్టం వద్దని ఫీజులు కట్టి చదివిస్తున్నాడు, అలాంటి తండ్రి మీద నాకు చాలా గౌరవం. అయినా పిల్లాడు చేత్తో చేసుకున్నదాన్ని చించే హక్కు తండ్రికి కూడా లేదు, ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఇక మీ సంగతి. తండ్రీకొడుకుల మధ్య మాటలు లేవని మీరు బాధపడుతున్నారు గానీ, అంతకంటే ముందు మాట పోయింది మీకూ మీ ఆయనకూ మధ్య. పేజీలు చింపుతుంటే అక్కడే ఉండి ఊరుకున్నారు. కోపంలో ఉన్న మగవాడికి ఎదురు చెప్పొద్దని మనకు ఇళ్లల్లో నేర్పుతారు, ఆ పూటకు అది సరే. కోపం దిగింది, మళ్లీ డ్యూటీకి వెళ్లారు, వచ్చారు, పండగలు అయిపోయాయి, ఇప్పటికీ ఒక్క మాట అనకపోతే దాన్ని ఓర్పు అని ఎలా అంటాం? పైగా వాడి మాట ఈయనకూ ఈయన మాట వాడికీ మోస్తూ, ఇద్దరూ మాట్లాడుకోవాల్సిన అవసరమే లేకుండా చేస్తున్నారు. మీరు అడగాల్సిన మాటను ఇప్పుడు ఒక సినిమాతో అడిగించాలని చూస్తున్నారు. సినిమా అంత పని చేయదమ్మా.

అయినా మంచి సినిమా మంచి సినిమానే, చూడాల్సిందే. అందరూ కూర్చునే ముందు మీరూ మీ ఆయనా ఇద్దరే చూడాల్సింది 'ఓన్లీ యెస్టర్‌డే'. జపాన్‌లో ఇసావో తకహతా 1991లో తీశారు. తయెకో అనే 27 ఏళ్ల అమ్మాయి సెలవు పెట్టి పల్లెలో పొలం పనికి వెళ్తుంది, వెళ్తున్నంతసేపూ ఐదో తరగతి నాటి రోజులు గుర్తొస్తుంటాయి. బడి నాటకంలో ఆమెది చిన్న వేషం, ఒకే ఒక్క డైలాగు. అదే బాగా చేసిందని కాలేజీ నాటకం వాళ్లు తమ నాటకంలో వేయమని ఇంటికొచ్చి అడుగుతారు. అమ్మా అక్కలూ హడావుడి పడుతుంటే, భోజనం చేస్తున్న తండ్రి ఒక్క మాటలో వద్దంటాడు. ఆయన తర్వాత ఎవరూ మాట్లాడరు, విషయం అక్కడితో సరి. ఇంకోరోజు అందరూ బయట తినడానికి బయల్దేరితే పిల్ల అలుగుతుంది, తీరా వాళ్లు గడప దాటాక నేనూ వస్తానంటూ చెప్పుల్లేకుండా వెనక ఉరుకుతుంది. చెప్పుల్లేకుండా వచ్చిందని తండ్రి చెంప మీద ఒక్కటి వేస్తాడు. ఆయన ఆమెను కొట్టింది జీవితంలో ఆ ఒక్కసారే. చెడ్డ తండ్రేం కాదు, ముద్దుగానే పెంచాడు. కానీ పెద్దదై ఉద్యోగం చేస్తున్నా ఆ ఒక్క దెబ్బ గురించి ఆమె ఇంకా చెప్పుకుంటూనే ఉంటుంది. మీ అబ్బాయికి ఆ కుక్క బొమ్మ అలా మిగలకూడదనే నా తాపత్రయమంతా.

ఈ సినిమాలో ఆడపిల్లల నెలసరి గురించి బడి పిల్లలు మాట్లాడుకునే ఘట్టం ఉంది, దాని వల్లే అంటారు, ఇంగ్లీషు మాటలతో అమెరికా థియేటర్లకు చేరడానికి దీనికి 2016 దాకా పట్టింది. తర్వాత మీ పాపకు కూడా చూపించండి, ఆ చోట రిమోట్ నొక్కి ముందుకు జరపకండి. పదేళ్ల పిల్లకు ఆ మాట ఇంట్లో, అమ్మ పక్కన కూర్చున్నప్పుడు తెలిస్తేనే మేలు.

ఆదివారానికైతే 'విస్పర్ ఆఫ్ ది హార్ట్', 1995. దర్శకుడు యోషిఫుమి కొండో పూర్తి నిడివి సినిమా ఇదొక్కటే తీశారు, 1998లో 47 ఏళ్లకే పోయారు. ఇందులో షిజుకు అనే అమ్మాయికి హైస్కూలు ప్రవేశ పరీక్షల ఏడు, మన పదో తరగతి టెన్షన్ ఎంతో అంత. అప్పుడు చదువు పక్కన పెట్టి కథ రాస్తానంటుంది, మార్కులు పడిపోతాయి, అక్క కేకలేస్తుంది. లైబ్రరీలో పనిచేసే తండ్రి అరవడు. భార్యతో కలిసి కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొత్తం వింటాడు, అందరూ పోయే దారి వదిలితే కష్టం ఉంటుందనీ, తర్వాత ఏం జరిగినా ఇంకొకరి మీద నెట్టడానికి ఉండదనీ చెప్పి, రాసుకోమంటాడు. ఆ పిల్ల కథ పూర్తిచేశాక తనకు తెలియనిది ఇంకా చాలా ఉందని తెలుసుకుని తనంతట తానే మళ్లీ పుస్తకాలు పడుతుంది. మీ ఆయనకు చివరిదాకా కూర్చునే ఓపిక ఉంటే ఆ భాగం ఆయన కోసమే తీశారా అనిపిస్తుంది.

అదే ఏడాది వచ్చిన 'ఎ గూఫీ మూవీ' పేరు చూసి పిల్లల గోల అనుకోవద్దు. కొడుకు చెడిపోతున్నాడని భయపడ్డ తండ్రి వాడిని బలవంతంగా చేపలు పట్టడానికి బండిలో తీసుకెళ్తాడు. కొడుకు దొంగతనంగా మ్యాపులో దారి మార్చేస్తాడు. ఆ సంగతి తెలిసి కూడా, రోడ్డు రెండుగా చీలేచోట తండ్రి ఎటు పోదామని కొడుకునే అడుగుతాడు, ఆ కాసేపు చూడండి. 'మై నైబర్స్ ది యమడాస్' 1999లో వచ్చింది, అమ్మమ్మతో సహా ఐదుగురున్న ఇంటి చిన్న చిన్న ముచ్చట్లు, పాపను మాల్‌లో మరిచిపోయి ఇంటికి బయల్దేరతారు, మీ అత్తమ్మ నవ్వుతుంది. నోట్సు అంచున గీసినట్టు సన్నటి గీతలు, పలచటి రంగులు, మీ అబ్బాయికి నచ్చి తీరుతుంది. 'ది ఐరన్ జెయింట్' కూడా 1999దే, విడుదలైనప్పుడు హాళ్లలో ఆడలేదు, పాపకు ముందు అదే పెట్టండి. వీటికి తెలుగు మాటలు దొరకడం కష్టం కాబట్టి సబ్‌టైటిల్స్ చదివి నాయనమ్మకు చెప్పే పని బాబుకు అప్పగించండి, మీరు చెప్పకండి.

సినిమా నడుస్తుండగా, చూశారా అన్నట్టు మీ ఆయన వైపు తిరిగి చూడొద్దు. ఆయన ఆ చూపుకే లేచి వెళ్లిపోతారు.

బొమ్మలు గీస్తే తిండి ఎలా అని ఆయన అడుగుతారు, అడగనివ్వండి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్‌లో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్) డిగ్రీ ఉంది, ఇంటర్ తర్వాత ఎంట్రన్స్ రాయొచ్చు. ఆ మాట చెప్పండి, కానీ దాని మీదే వాదన పెట్టుకోకండి. మీ వాడు రేపు ఇంజనీరే అయినా, బొమ్మ గీయడం వాడికి ఇష్టం, ఇవాళ్టికి అది చాలు.

ఈ ఆదివారం పిల్లలు లేని వేళ చూసి బీరువా తెరవండి. ఆ పేజీలు ఆయన చేతిలో పెట్టి, "చించింది మీరు, వాడికి మీరే ఇవ్వండి" అనండి. గొంతు పెంచొద్దు, ఏడవొద్దు. ఆయన అరిస్తే విని ఊరుకోండి, పక్కన పడేస్తే తీసి జాగ్రత్త చేసి మళ్లీ వచ్చే ఆదివారం అదే మాట అడగండి. ఇంకో పని కూడా ఆ రోజే మొదలుపెట్టొచ్చు. అన్నానికి వాడిని పిలవమని ఆయన మీకు చెబితే, "మీరే పిలవండి, పక్క గదిలోనే ఉన్నాడు" అని చెప్పి మీ పని మీరు చూసుకోండి.