గెఫిల్టె ఫిష్: యూదుల పండుగ చేప మన వంటింట్లో

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. పస్కా పండుగ భోజనానికి పొరుగున ఉన్న యూదు కుటుంబం మమ్మల్ని పిలిచి, పైన క్యారెట్ చక్రం పెట్టిన చల్లటి చేప ఉండలు వడ్డించారు. దాన్ని గెఫిల్టె ఫిష్ అంటారట. ఇంట్లో ఎలా చేసుకోవాలి? వచ్చే ఏడాది చేసి వారికి తీసుకువెళ్లవచ్చునా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇది పోలండ్, లిథువేనియా, ఉక్రెయిన్ ప్రాంతాల యూదుల వంటకం. పూర్వం చేప కండను తరిగి, మసాలా కలిపి, తిరిగి ఆ చేప తోలులోనే కూరి వండేవారు. తరువాతి కాలంలో ఉండలుగా చేయడం స్థిరపడింది. విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు నిషేధించిన 39 రకాల పనులలో ఏరడం కూడా ఒకటి కాబట్టి, పళ్లెంలో ముళ్లు ఏరుకునే పని లేకుండా ముందురోజే ముళ్లు తీసి వండిపెట్టుకునే ఈ చేప వారికి ఎంతో అనుకూలమైంది.

కార్ప్, పైక్, వైట్‌ఫిష్ కలిపి వాడటం అక్కడి పద్ధతి. ముళ్లు తీసిన కండ కిలో ఉండాలంటే రెండున్నర కిలోల చేప తీసుకుని, తలలు, ముళ్లు, తోలు కూడా ఇవ్వమని దుకాణదారుకు తప్పకుండా చెప్పండి. ఈ వంటకానికి ప్రాణం వాటి నుంచి దిగే రసమే. తలల్లోని మొప్పలు తీసేయకపోతే రసం చేదెక్కుతుంది. వీటికి రెండు ఉల్లిపాయలు, మూడు క్యారెట్లు, ఉప్పు చేర్చి, మునిగేటట్టు నీళ్లు పోసి, గంటసేపు సన్నటి సెగ మీద కాచి వడకట్టండి.

కండను రెండు ఉల్లిపాయలతో కలిపి మెత్తగా కొట్టండి. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఆపకుండా తిప్పితే ముద్ద జిగురుగా మారి, ఉండలు రబ్బరులా సాగుతాయి. దానిలో మూడు గుడ్లు, అరకప్పు మాట్సా (పస్కాకు చేసే పులియని రొట్టె) పిండి, రెండు చెంచాల ఉప్పు, అర చెంచా తెల్ల మిరియాల పొడి కలపండి. పంచదార మీ ఇష్టం: పోలండ్ యూదులు తీపిని ఇష్టపడితే, లిథువేనియా వారు మిరియాల ఘాటునే కోరుకుంటారు. అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, తడి చేతులతో కోలగా ఉండలు చేసి, కాగే రసంలో వదిలి, మూత పెట్టి గంటకు పైగా ఉడకనివ్వండి. ముందుగా ఒక చిన్న ఉండను ఉడికించి ఉప్పు చూసుకోవడం మంచిది. ఉడికిన వాటిని ఆ రసంలోనే చల్లార్చి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే, ఎముకల బంకతో రసం పేరుకుంటుంది. బీట్‌రూట్ చేర్చిన హార్స్‌రాడిష్ (ఘాటైన ఒక దుంపవేరు) పచ్చడి పక్కన ఉండితీరాలి; చల్లటి చేపకు ఆ ఘాటే అందం.

ఇక తీసుకువెళ్లే సంగతి. పస్కా రోజులలో పులిసిన పిండి వంటలు నిషిద్ధం. ఆ ప్రాంతాల యూదులు బియ్యం, పప్పుధాన్యాలు, ఆవాలు కూడా ముట్టరు. కాబట్టి శనగపిండి కలపడం, ఆవాల పోపు పెట్టడం మాటే వద్దు. పైగా ఆచారం గట్టిగా పాటించే ఇళ్లలో గిన్నెలూ పొయ్యీ కూడా నియమబద్ధంగా ఉండాలి గనుక, బయట వండినది తినరు. ముందుగా వారినే అడగండి. కాదంటే నొచ్చుకోకుండా పూలు తీసుకువెళ్లండి.

ప్రశ్న: ఆంధ్రలో దొరికే చేపలతో ఇది కుదురుతుందా?
– రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: చక్కగా కుదురుతుంది. మన చెరువుల్లో పెరిగే బంగారుతీగ యూరప్ వాళ్లు వాడే ఆ కార్పే. బొచ్చె, శీలావతి కూడా అదే కుటుంబానివి. కార్ప్‌లో సన్నటి ముళ్లు ఎక్కువ కాబట్టి, కండను చెంచాతో తోలు నుంచి గీరి తీసి, వేళ్లతో తడిమి చూడాలి. రెక్కలూ పొలుసులూ రెండూ ఉన్న చేపలనే యూదులు తింటారు. పొలుసులు లేని వాలుగ ఈ వంటకానికి పనికిరాదు. మాట్సా పిండి దొరకకపోతే మెత్తగా చిదిమిన ఉడికిన బంగాళాదుంప వేయండి. అది పస్కాకు కూడా చెల్లుతుంది. అల్లం, వెల్లుల్లి, గరం మసాలా వేస్తే రుచి పూర్తిగా మారిపోతుంది, మొదటిసారైనా వాటిని పక్కన పెట్టండి.