హైదరాబాద్ నుంచి విశాఖకు బైక్ మీద వస్తున్న మేనల్లుడికి

చిన్నా,

ఆశీస్సులు. ఉగాదికి బైక్ మీద విశాఖ వస్తానన్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. వద్దని నచ్చజెప్పమని కూడా అడిగింది. నేను వద్దనను. మెడికల్ రెప్‌గా పనిచేసినన్నాళ్లూ తుని నుంచి ఇచ్ఛాపురం దాకా బండి మీదే తిరిగినవాణ్ణి, నిన్నెలా ఆపుతాను? కానీ నీతో పాటు తన బండి మీద వచ్చే స్నేహితుడు ‘ఒక్కరోజులో కొట్టేద్దాం’ అంటున్నాడట. దానికి మాత్రం ఒప్పుకోను.

ఎల్బీ నగర్ నుంచి మర్రిపాలెంలో మా ఇంటికి ఆరువందల కిలోమీటర్ల పైమాటే. నువ్వు రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చేది పాతిక కిలోమీటర్లు. ఆ కాస్త దూరానికి బండి మీద ఎలా కూర్చున్నా ఒళ్లు ఊరుకుంటుంది. హైవే మీద అలా కాదు. మొదటి రెండు గంటల్లో తప్పుగా కూర్చున్నదానికి ఐదో గంటలో నడుము పట్టేస్తుంది. అప్పుడు ఆగి ఎంతసేపు ఒళ్లు విరుచుకున్నా ఆ రోజుకి ఇక తేలిక రాదు. అందుకే నొప్పి మొదలవకముందే ఆగడం అలవాటు చేసుకో. కింద రాసేదంతా దాని కోసమే.

ముందు చేతుల సంగతి. కొత్తగా దూరం వెళ్లేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒంటి బరువంతా హ్యాండిల్ మీద వేయడం. అరచేతి మడమ దగ్గర, చిటికెన వేలి వైపు ఒక నరం పోతుంది. గంటల తరబడి అక్కడ ఒత్తిడి పడితే చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే మణికట్టు మధ్యలో పోయే నరం నలుగుతోందని అర్థం. అంటే మణికట్టు వంచి పెడుతున్నావన్నమాట. రెండింటికీ మందు ఒకటే. మోకాళ్లతో ట్యాంకుని మెత్తగా పట్టుకో, పొట్ట కండరాలతో నడుముని నిలబెట్టు, మోచేతులు కాస్త వంచి ఉంచు. హ్యాండిల్ మీద చేతులు ఆనాలి కానీ వేలాడకూడదు. బతికున్న కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో, అంతకంటే గట్టిగా అక్కర్లేదు.

బయల్దేరడానికి వారం ముందు ఒక పని చెయ్యి. బండి స్టాండ్ వేసి దాని మీద కూర్చో. కళ్లు మూసుకుని చేతులు మామూలుగా చాచి హ్యాండిల్ పట్టుకో. వేళ్లు క్లచ్, బ్రేక్ లివర్ల మీద పెట్టు. మోచేయి నుంచి వేళ్ల దాకా ఒకే గీతలో ఉందా? చాలా బళ్లకు లివర్లు మరీ పైకి ఉంటాయి. వాటిని అందుకోవడానికి మణికట్టు ప్రతిసారీ పైకి విరుస్తాం. లివర్‌ని పట్టి ఉంచే బోల్టు కొద్దిగా వదులు చేసి కిందికి తిప్పుకుని మళ్లీ బిగిస్తే సరిపోతుంది. మెకానిక్‌కి ఐదు నిమిషాల పని. దీనికి పైసా ఖర్చు లేదు, కానీ నేను చూసినంతలో ఇంతగా ఉపయోగపడే మార్పు మరొకటి లేదు. క్లచ్ కేబుల్ గట్టిగా ఉంటే మార్పించు. హయత్‌నగర్ ట్రాఫిక్‌లోనే ఎడమ చెయ్యి అలిసిపోతే ముందున్న దారంతా నీకు కష్టమే.

అదే రోజు వెనక షాక్ అబ్జార్బర్లు కూడా చూడమను. ఇద్దరు ఎక్కేలా గట్టిగా బిగించి ఉంటే, ఒక్కడివే వచ్చేటప్పుడు ప్రతి గతుకూ నేరుగా వెన్నుకి తగులుతుంది. ఒకటో రెండో మెట్లు తగ్గించమని చెప్పు. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే పెట్టించు. ఎక్కువ పెడితే మైలేజీ వస్తుందని బంకు కుర్రాడు చెప్తాడు, వినకు. బండి చల్లగా ఉన్నప్పుడే గాలి కొలవాలి. చైన్‌కి నూనె పట్టించడం నీకు చెప్పనక్కర్లేదు.

ఇక కూర్చోవడం. నువ్వు జీన్స్ వేసుకుని వస్తావని నాకు తెలుసు. పిరుదుల కింద వచ్చే ఆ మందపాటి కుట్టు వంద కిలోమీటర్లు దాటాక ఎంత బాధపెడుతుందో అనుభవిస్తే తప్ప తెలియదు. లోపల కుట్లు లేని, ఒంటికి అంటిపెట్టుకుని చెమట పీల్చే షార్ట్స్ వేసుకో. వెనక జేబులో పర్సు పెట్టుకోవద్దు. పర్సు మీద కూర్చుంటే నడుము ఒక పక్కకి ఒరుగుతుంది, తొడ వెనక నరం నొక్కుకుంటుంది, సాయంత్రానికి కాలు లాగేస్తుంది. మెత్తటి స్పాంజి సీటు వేయించుకుంటే సుఖమని కూడా అనుకోకు. మరీ మెత్తగా ఉంటే మనిషి అందులోకి దిగిపోయి కదలలేడు. అడుగున గాలి ఆడే జాలీ సీటు కవర్ దొరుకుతుంది, అది నయం. దారిలో మధ్యమధ్య సీటు మీద అంగుళం ముందుకి, అంగుళం వెనక్కి జరుగు. ముందూ వెనకా బండ్లు లేని నున్నటి రోడ్డు మీద వేగం తగ్గించి, ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి నాలుగైదు సెకన్లు సీటు మీంచి కాస్త లే. కింద రక్తం ఆడుతుంది.

బ్యాగు వీపుకి తగిలించుకోవద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. నాలుగైదు కిలోలే కదా అనిపిస్తుంది, కానీ ఆ బరువు ఆరు గంటలు భుజాల మీదే ఉంటుంది. అక్కణ్ణుంచి మెడకి, మెడ నుంచి తలకి నొప్పి పాకుతుంది. వెనక సీటు మీద పెట్టి సాగే తాళ్లతో రెండువైపులా కట్టు. పట్టీలేవీ చక్రం వైపు వేలాడకుండా, సైలెన్సర్‌కి తగలకుండా చూసుకో.

హెల్మెట్ ఐఎస్ఐ గుర్తున్నదే, ముఖం మొత్తం కప్పేదే పెట్టుకో. కొత్తది కొన్నావని విన్నాను. బయల్దేరే ముందు ఇంట్లో టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని కూర్చో. నుదుటి మీద ఎక్కడైనా నొక్కుతుంటే అరగంటలో తెలిసిపోతుంది. అలా నొక్కితే దుకాణంలో మార్చుకో, హైవే మీద సర్దుకుంటుందిలే అనుకోకు. ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. గంటల తరబడి చెవుల్లో హోరుమనే గాలి శబ్దం కూడా మనిషిని అలసిపోయేలా చేస్తుంది. మెడికల్ షాపులో స్పాంజి ఇయర్ ప్లగ్స్ దొరుకుతాయి. అవి పెట్టుకున్నా లారీ హారన్ వినిపిస్తుంది, హోరు మాత్రం తగ్గుతుంది. ముందు ఖాళీ రోడ్డు మీద ఒకసారి పెట్టుకుని చూసి అలవాటు చేసుకో. పాటలు వింటూ రావాలని చూడకు.

వేగం గురించి నీ స్నేహితుడితో వాదన వస్తుంది కాబట్టి లెక్క చెప్తున్నాను. నాలుగు వరసల రహదారి మీద బైక్‌కి కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 80. నువ్వు 70 దగ్గర ఉండు. విజయవాడ దాకా 275 కిలోమీటర్లు అనుకుంటే 70లో వెళ్లినా 80లో వెళ్లినా తేడా అరగంట. కానీ గాలి తోపుడు వేగంతో పాటు సమంగా పెరగదు. 60 నుంచి 80కి వెళ్తే దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఆ తోపుడుకి ఎదురుగా మెడ, భుజాలు, చేతులు పనిచేస్తూనే ఉంటాయి. పైగా ప్రతి బండికీ ఏదో ఒక వేగం దగ్గర ఇంజిన్ అదురు ఎక్కువగా ఉంటుంది. అద్దంలో బొమ్మ వణికితే అదేనని గుర్తు. నాలుగైదు కిలోమీటర్లు తగ్గిస్తే అదురు తగ్గుతుంది, చేతులకి ప్రాణం లేచొస్తుంది. ఇద్దరిలో నెమ్మదిగా నడిపేవాడు ముందుండాలి.

ఇప్పుడు దారి. ఔటర్ రింగ్ రోడ్డు మీదకి బైకుల్ని రానివ్వరు కాబట్టి హయత్‌నగర్ మీదుగా వచ్చెయ్. ఉదయం ఐదింటికి బయల్దేరు. అలాగని నాలుగు గంటల నిద్రతో లేచి రావద్దు. ముందు రోజు రాత్రి తొమ్మిదికల్లా పడుకో. హైదరాబాద్ నుంచి విజయవాడ తూర్పు దిక్కు దారి. ఉగాది రోజుల్లో ఆరుంపావుకి పొద్దు పొడుస్తుంది, తర్వాత గంటసేపు ఎండ దాదాపు ఎదురుగానే కళ్లలో పడుతుంది. కళ్లు చికిలించి నడిపితే తలనొప్పి ఖాయం. ఆ గంటలో అరగంటైనా టిఫిన్‌కి వాడుకో. చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర హోటళ్లకి కొదవ లేదు. ఆ తర్వాత సూర్యాపేట, కోదాడ, నందిగామ. ఒళ్లు బాగానే ఉన్నా సరే, గంటకోసారి ఆగు. ఆగినప్పుడు బండి మీదే కూర్చుని ఫోన్ చూసుకుంటే ఆగినట్టు కాదు. దిగు, హెల్మెట్ తియ్యి, వంద అడుగులు నడువు. భుజాలు వెనక్కి తిప్పు, మణికట్లు తిప్పు, నడుము మీద చేతులు పెట్టి కొద్దిగా వెనక్కి వంగు. పది నిమిషాలు చాలు.

ఈ మధ్యలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు వస్తాయి. మనకి టోల్ లేదు, ఎడమ పక్క సన్నటి దారి ఉంటుంది. నెమ్మదించక తప్పని ఆ కాస్త సమయంలో ఒళ్లు చూసుకో. పళ్లు బిగించి ఉన్నావా, భుజాలు చెవుల దాకా లేచాయా, వేళ్లు బిగిసిపోయాయా? ఉంటే వదిలెయ్. మనకి తెలియకుండానే ఒళ్లు బిగుసుకుంటుంది. టెన్షన్‌లో నడిపేవాడికి మరీను.

మొదటి రోజు విజయవాడలో ఆగిపో. పదకొండింటికల్లా చేరతావు, ఇంకా ఓపిక ఉందనిపిస్తుంది. ఆ ఓపిక మర్నాటి 350 కిలోమీటర్లకి కావాలి. మధ్యాహ్నం ఎండలో, రెండు నుంచి నాలుగు మధ్య కళ్లు మూతలు పడే వేళ ఏలూరు రోడ్డు మీద నువ్వు ఉండకూడదు. గాలి వేడి 35 డిగ్రీలు దాటితే ఒంటికి తగిలే గాలి చల్లబరచదు, వేడినే ఎక్కిస్తుంది. అందుకే చేతులు, మెడ కప్పుకోవాలి. తడిపిన నూలు గుడ్డ మెడకి చుట్టుకుంటే ఎంత హాయిగా ఉంటుందో చూడు.

దాహం వేసేదాకా ఆగకుండా, బండి ఆపిన ప్రతిసారీ నాలుగు గుక్కలు నీళ్లు తాగు. చెమట ఎక్కువ పడితే ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో తాగు. ఓఆర్ఎస్ కొనేటప్పుడు డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్న పొడి ప్యాకెట్ తీసుకుని, దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలుపు. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాలట్లేదని తెలుసుకో. తిండి దారిలో తేలిగ్గా ఉండాలి. ఇడ్లీ, అరటిపండు, పెరుగన్నం చాలు. బిర్యానీ గది చేరాక తిను. జలుబుకి సిట్రజిన్ లాంటి మాత్ర వేసుకుని బండి ఎక్కొద్దు, నిద్ర తెప్పిస్తుంది. ఆ మందులు అమ్ముకుని బతికినవాణ్ణి చెప్తున్నాను.

నిద్ర వస్తే టీతో సరిపెట్టుకోకు. టీ పనిచేయడానికే ఇరవై నిమిషాల పైన పడుతుంది. టీ తాగి, హోటల్ నీడలో ఆ ఇరవై నిమిషాలూ కునుకు తియ్యి. లేచాక ముఖం కడుక్కుని బయల్దేరు. 80 వేగంలో మూడు సెకన్లు కన్ను మూస్తే బండి 66 మీటర్లు పోతుంది. గడిచిన రెండు కిలోమీటర్లలో ఏం చూశావో గుర్తు రాకపోతే, అప్పటికే ఆలస్యమైంది, వెంటనే ఆగు.

రెండో రోజు కూడా ఐదింటికే. ఏలూరులో ఒకసారి, తణుకులో ఒకసారి ఆగు. పాత దారిలో రావులపాలెం మీదుగా రా, నీడ బాగుంటుంది. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన, రావులపాలెం దాటాక గౌతమి మీద జొన్నాడ వంతెన వస్తాయి. వాటి మీద పక్క గాలి బండిని తోస్తుంది. భయపడి హ్యాండిల్ బిగిస్తే బండి ఇంకా ఊగుతుంది. మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని, చేతులు వదులుగా ఉంచి, కాస్త ముందుకి వంగు. లారీ పక్కనుంచి పోయేటప్పుడూ అంతే. తర్వాత రాజమండ్రి లాలాచెరువు, అన్నవరం, నక్కపల్లి, అనకాపల్లి దగ్గర ఆగు. అన్నవరంలో బండి కింద పెట్టి ప్రసాదం తీసుకురా, మీ అత్తయ్య అడిగింది.

అనకాపల్లిలో ఆగకుండా వచ్చెయ్యాలనిపిస్తుంది, ఇంకెంత దూరమని. సరిగ్గా అక్కడే ఆగాలి. అక్కణ్ణుంచి కొత్త ఆరు వరసల దారి ఆనందపురం వైపు పోతుంది, అది ఎక్కకు. పాత దారిలో లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక మీదుగా రావాలి. ఫ్యాక్టరీల లారీలు, సిగ్నళ్లు, అడ్డం వచ్చే ఆటోలు. రెండు రోజుల ప్రయాణంలో బుర్ర చురుగ్గా పనిచేయాల్సింది ఆ చివరి గంటలోనే. కాబట్టి అనకాపల్లిలో పావుగంట కూర్చుని, చెరుకు రసం తాగి, నాకు ఫోన్ చెయ్యి. ఎన్ఏడీ జంక్షన్ దాకా ఎదురొస్తాను.

వచ్చాక గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేసి, కాళ్లు గోడకి ఎత్తిపెట్టి పడుకుందువుగాని. వేళ్ల తిమ్మిరి మర్నాటికీ తగ్గకపోతే దాచకుండా చెప్పు, తెలిసిన డాక్టరుకి చూపిద్దాం.

మీ అమ్మకి నేను చెప్తాలే.

మీ మావయ్య