ఆవిరైపోయిన ఉల్క చెప్పే ఆనవాళ్లు

ప్రశ్న: అక్టోబరు రెండో వారంలో రాలే డ్రాకోనిడ్ ఉల్కలు మామూలు సంవత్సరాల్లో గంటకు ఐదారైనా కనిపించవని చదివాను. కళ్లముందే ఆవిరైపోయే రేణువు ఏ తోకచుక్కదో, అందులో ఏముందో ఎలా చెప్పగలుగుతున్నారు?
ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఒకే ఉల్కను వంద కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు కెమెరాలతో చిత్రిస్తే, నక్షత్రాల నడుమ దాని గీత ఒక్కో చిత్రంలో ఒక్కో చోట పడుతుంది, ఆ తేడాను బట్టి అది ఎంత ఎత్తున వెలిగిందో, ఏ దిశ నుంచి ఎంత వేగంతో వచ్చిందో తెలుస్తుంది. భూమి ఆకర్షణ వల్ల పెరిగిన వేగాన్ని తీసివేసి, సెకనుకు 30 కిలోమీటర్ల చొప్పున సాగే భూమి గమనాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, ఆ రేణువు అంతకుముందు సూర్యుని చుట్టూ తిరిగిన కక్ష్య తేలుతుంది. కష్టమంతా వేగం దగ్గరే ఉంది. గాలిలోకి రాగానే ఉల్క మందగించడం మొదలవుతుంది కనుక, తొలి వేగంలో కొద్దిపాటి పొరపాటు జరిగినా కక్ష్య పరిమాణం బాగా మారిపోతుంది. అందుకే ఏ ఒక్క ఉల్కనో నమ్ముకోకుండా అనేక కక్ష్యలను పోల్చి చూస్తారు.

డ్రాకోనిడ్ల కక్ష్యలు, సుమారు ఆరున్నరేళ్లకోసారి సూర్యుని చుట్టివచ్చే జియకోబిని-జిన్నర్ తోకచుక్క కక్ష్యతో సరిపోతాయి. అది వదిలిన ధూళి దట్టంగా ఉన్నచోటికి భూమి చేరినందువల్లనే 1933లోను, 1946లోను గంటకు వేల సంఖ్యలో ఉల్కలు రాలాయి. 2011 అక్టోబరు 8న ఉల్కలు పెరుగుతాయని ఈ లెక్కలతోనే ముందుగా చెప్పారు, అలాగే జరిగింది.

ఇక పదార్థం సంగతి. కెమెరా ముందు అతిసన్నని గీతలున్న పలకను అమర్చితే ఉల్క వెలుగు రంగులుగా విడిపోతుంది. సోడియం పసుపు గీతగా, మెగ్నీషియం ఆకుపచ్చ గీతగా కనిపిస్తాయి. డ్రాకోనిడ్ వీడియోను ఒక్కొక్క ఫ్రేముగా చూస్తే నాకు ఎంతో ఆసక్తి కలిగించే విషయం ఒకటి కనిపిస్తుంది: పసుపు గీత ముందుగా వెలిగి, ఆకుపచ్చ గీత ఇంకా ప్రకాశిస్తుండగానే ఆరిపోతుంది. రేణువు వాతావరణం పైపొరల్లోనే పొడిపొడిగా విడిపోవడంతో, తేలికగా ఆవిరయ్యే సోడియం ముందే బయటపడుతుందన్నమాట. రేణువు మందగించే తీరును, వెలుగు హెచ్చుతగ్గులను కలిపి లెక్కిస్తే దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.3 గ్రాములని, అంటే లోపల దాదాపు తొంభై శాతం ఖాళీయేనని తేలింది.

అదే జూలై చివర కనిపించే దక్షిణ డెల్టా అక్వేరిడ్ ఉల్కల వర్ణపటంలో పసుపు గీత దాదాపు కనిపించదు. వాటి కక్ష్య సూర్యునికి మరీ దగ్గరగా వెళ్లడం వల్ల అక్కడి వేడికి సోడియం ముందే పోయింది.