పాత 1613 ఇంజిన్ సంగతి సరే, క్లీనర్ ఉన్నాడా?

పి.గన్నవరం దగ్గర నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "2008 మోడల్ టాటా 1613 అమ్మకానికి వచ్చింది. చుట్టుపక్కల ధాన్యం, కొబ్బరికాయలు తోలుకుందామని ఉంది. ఇంజిన్ బాగుందని మెకానిక్ చెప్పాడు. ఇంత పాత బండి కొనొచ్చా?"

ఇంజిన్ బాగుందని మెకానిక్ చెప్పాడు కదా, ఆ మాట నమ్మండి. ఆ బండిలో ఉండే టాటా 697 ఇంజిన్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. మెర్సిడెస్ బెంజ్ వాళ్ల ఓఎం 352 ఇంజిన్‌కి వారసుడది. బోరు 97 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 128, కొలతలు కూడా అవే. ఆరు సిలిండర్లు, డీజిల్ పంపు నుంచి నాజిల్ దాకా అంతా మెకానికల్. రావులపాలెంలో అడిగినా, తాడేపల్లిగూడెంలో అడిగినా దాన్ని విప్పి బిగించేవాళ్లు దొరుకుతారు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మీ ఎదుట స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడెక్కించి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పున కొట్టకూడదు, రేడియేటర్‌లో బుడగలు రాకూడదు. ఇంజిన్ గురించి ఇంతకంటే రాయను, ఎందుకంటే అందరూ అక్కడే ఆగిపోతున్నారు.

మా నాన్న టాటా 1210 లారీ తోలేవాడు. పవర్ స్టీరింగ్ లేని బండి. కాలవ గట్టు మలుపులో లోడుతో తిప్పాలంటే సీట్లోంచి లేచి నిలబడేవాడు. నేను 1612 మీద నేర్చుకుని, తర్వాత సొంతంగా 1613 కొన్నాను. ఇన్నేళ్లలో మా చుట్టుపక్కల ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్లిపోయిన లారీల్లో ఇంజిన్ చెడి వెళ్లినవి బహుతక్కువ. మన గోదావరి జిల్లాల్లో పాత లారీని తినేసేది నీళ్లు. రాయలసీమలో ఇరవై ఏళ్లు తిరిగిన చాసిస్, మన దగ్గర పదేళ్లు తిరిగిన చాసిస్ పక్కపక్కన పెట్టి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

ముందు ఎయిర్ ట్యాంకుల సంగతి, అంటే బ్రేకులకి కావాల్సిన గాలి నిలవుండే ట్యాంకులు. కంప్రెసర్ గాలిని నొక్కి ట్యాంకులోకి పంపినప్పుడు గాలిలో ఉన్న తేమ అక్కడ నీళ్లయి కిందకు దిగుతుంది. సముద్రం పక్కన, చుట్టూ చేలు, చెరువులు, కాలవలు ఉన్న చోట ఆ తేమ ఎంతుంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ట్యాంకు అడుగున చిన్న డ్రెయిన్ ఉంటుంది. రోజూ దాన్ని తెరవాలి. ముందు బుస్సుమని గాలి, దాంతోపాటు తుప్పు రంగు నీళ్లు పడతాయి. ఆ నీళ్లను అరచేతిలో పట్టి వేళ్లతో రుద్ది చూడండి. జిడ్డుగా, పాలు విరిగినట్టు తెల్లగా ఉంటే కంప్రెసర్ రింగులు ఆయిల్ వదులుతున్నాయని అర్థం. ఉత్త నీళ్లే అయితే మంచిదే, కానీ ఆ నీళ్లు అక్కడే నిలవుంటే మెల్లగా బ్రేక్ వాల్వుల్లోకి, డయాఫ్రమ్‌లలోకి చేరతాయి. బ్రేకు పట్టలేదని గోలపెట్టే సగం బండ్లలో జరిగేది ఇదే.

రెండోది వెనక హౌసింగ్, అంటే వెనక యాక్సిల్‌లో క్రౌను, పినియన్ గేర్లు ఆయిల్‌లో తిరిగే గుల్ల. లంకల్లోకి కాజ్‌వేల మీదుగా వెళ్లేవాళ్లందరికీ ఈ జబ్బు తెలుసు. లోడుతో తిరిగి తిరిగి కాగిన హౌసింగ్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, సీళ్ల దగ్గర నుంచీ, గాలి ఆడటానికి పెట్టిన బ్రీదర్ రంధ్రం నుంచీ నీళ్లు లోపలికి లాక్కుంటుంది. క్రౌను, పినియన్ ఆ నీళ్లు కలిసిన ఆయిల్‌లో తిరుగుతుంటాయి. లెవెల్ బోల్టు విప్పి వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది, ఆయిల్ తెల్లబడి నురగగా ఉంటుంది. వరదల సీజన్ అయ్యాక చక్రాలు దించి, బేరింగులు కడిగి, కొత్త గ్రీజు పెట్టనివాడికి పాత లారీ ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

అన్నింటికన్నా దారుణం చేపలు, రొయ్యలు తోలిన బండి. ఐసు కరిగిన నీళ్లు దారి పొడుగునా బాడీ సందుల్లోంచి చాసిస్ మీదకి కారుతూనే ఉంటాయి. రొయ్యల చెరువు నీళ్లు చాలాచోట్ల ఉప్పే. క్రాస్ మెంబర్ల రివెట్లు, కమాను కట్టల బ్రాకెట్లు, బ్రేకు పైపులు లోపలి నుంచి పొరలు పొరలుగా ఊడిపోతాయి, పైకి మాత్రం పెయింట్ నిగనిగలాడుతుంది. భీమవరం, ఆకివీడు వైపు తిరిగిన బండి అయితే ముందు ఏం లోడు తోలారో అడగండి. వాళ్లు చెప్పింది చెప్పనివ్వండి, మీరు మాత్రం చిన్న సుత్తి పట్టుకుని కిందికి దూరండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. చాసిస్‌కి కొత్తగా నల్ల పెయింట్ కొట్టి ఉంటే ఇంకా ఎక్కువసేపు కొట్టి చూడండి.

ఇప్పుడు అసలు విషయం. ఇవన్నీ రోజూ ఎవరు చూడాలి? డ్రైవర్ చూడలేడు. రాత్రంతా తోలి పొద్దున్న దిగినవాడు ట్యాంకు కిందికి దూరి డ్రెయిన్ తెరుస్తాడా? ఆ పని క్లీనర్‌ది. క్లీనర్ లేని పాత లారీ కొనొద్దని నేను అందరికీ చెబుతాను. ఎందుకు చెబుతానో ఒక రాత్రి సంగతి రాస్తాను.

దాళ్వా (రబీ) బియ్యం లోడు. పాలకొల్లు వైపు మిల్లులో ఎత్తి కాకినాడ పోర్టుకి వేస్తున్నాం. చించినాడ వంతెన దాటి, రాజోలు, అమలాపురం మీదుగా దారి. సాయంత్రం ఉరుములతో మొదలైన వాన ఆగలేదు. దారిలో ఒక బంకులో డీజిల్ కొట్టించాం. ముమ్మిడివరం దాటాక బండి లాగడం తగ్గింది. నేను ఎదురుగాలి అనుకుని గేరు దించాను. పక్కన టార్పాలిన్ పట్టా మడతల మీద పడుకున్న మా క్లీనర్ కుర్రాడు గభాల్న లేచి కూర్చున్నాడు.

"గురువు గారూ, శబ్దం మారింది. ఆపండి."

"ఇక్కడ ఎక్కడ ఆపుతామురా, ఎదురుగా వంతెన వస్తుంటే?"

"వంతెన ఎక్కాక ఆగిపోతే ఇంకా కష్టం. డీజిల్‌లో నీళ్లొస్తున్నాయి, అద్దంలో చూడండి తెల్లపొగ."

అద్దంలో చూశాను. వెనక వస్తున్న బస్సు లైట్ల వెలుగులో మా సైలెన్సర్ పొగ తెల్లగా కనిపించింది. ఎదుర్లంక వంతెన అప్రోచ్ ఇంకా ఎక్కకుండానే ఎడమ పక్కకి తీసి ఆపాను. బండి ఆగీ ఆగకముందే వాడు చెక్క మొద్దు పట్టుకుని దూకి వెనక చక్రం కింద పెట్టేశాడు. తర్వాత టార్చి నోట్లో పెట్టుకుని ఫిల్టర్ దగ్గర కూర్చున్నాడు. తాగిన నీళ్ల సీసా పైభాగం కోసి, ఫిల్టర్ కింది బోల్టు వదులు చేసి అందులోకి పట్టాడు. పైన డీజిల్ లేత పసుపుగా తేలింది, అడుగున నీళ్లు గీత గీసినట్టు వేరుగా నిలబడ్డాయి. నాకు చూపించి మళ్లీ పట్టాడు, ఉత్త డీజిల్ వచ్చేదాకా. ట్యాంకు అడుగు ప్లగ్గు కూడా తీసి అడుగున పేరుకున్నదంతా వదిలేశాం. ఆ తర్వాత ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, వాడు చేతి పంపు కొడుతుంటే నేను టార్చి పట్టుకున్నాను. ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని ధార. స్క్రూ బిగించి, నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి సెల్ఫ్ కొట్టాం. నాలుగో పైపు దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ అందుకుంది.

లాప్‌టాప్ లేదు, టోయింగ్ బండి లేదు. ఒక స్పానర్, ఒక సీసా, ఆ కుర్రాడి చెవి, అంతే. అదే వాడు లేకపోతే నేను వంతెన మీదకి ఎక్కేసేవాణ్ని. నీళ్లు పంపు దాకా వెళ్లేవి. పంపులో డీజిల్‌ని నొక్కే ప్లంజర్‌కీ, అది ఆడే బ్యారెల్‌కీ మధ్య సందు మైక్రాన్లలో ఉంటుంది. అక్కడ నూనె పెట్టేది డీజిలే, వేరే ఏదీ లేదు. నీళ్లు చేరితే అవి ఒరుసుకుపోతాయి. అప్పుడు పంపు దించి, బెంచి మీద క్యాలిబ్రేషన్ చేయించి, ఆరు ఎలిమెంట్లు మార్చి, ఆ నెల కిరాయిలన్నీ అక్కడే కట్టి రావడమే. ఆ బంకువాళ్లు మర్నాడు అడిగితే తమ ట్యాంకులో నీళ్లే లేవన్నారు. వాన పడిన రాత్రి భూమిలో ట్యాంకులున్న బంకులో డీజిల్ కొట్టిస్తే ముందు కొంచెం సీసాలో పట్టి చూసుకోమని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను. సాయంత్రం బండి పెట్టేటప్పుడు ట్యాంకు నింపి పెట్టండి. సగం ఖాళీ ట్యాంకులో రాత్రిపూట చెమ్మ పడుతుంది.

అలాంటి కుర్రాళ్లు ఇప్పుడు దొరకడం లేదు. దీనికి తప్పు కుర్రాళ్లది కాదు, మన ఓనర్లది. బత్తా మిగుల్చుకుందామని ముందు క్లీనర్‌ని తీసేశారు. నలభై వేలు పెట్టి లైట్లు, హారన్లు, క్యాబిన్ లోపల అద్దాలు పెట్టించినవాళ్లే నెలకి ఒక డబ్బా గ్రీజు ఎక్కువైందంటారు. క్లీనర్‌గా చేరినవాడు ఒకప్పుడు గ్రీజు కొట్టడం, పట్టా కట్టడం, తాడు బిగించడం నేర్చుకుని, ఖాళీ బండి వెనక్కి తీయడంతో మొదలెట్టి మెల్లగా డ్రైవర్ అయ్యేవాడు. ఆ చదువు ఎక్కడా సర్టిఫికెట్ ఇవ్వరు గానీ బండి శబ్దం మారిందని నిద్రలో తెలుసుకునేది ఆ చదువుతోనే. ముందు చక్రం పక్కలకి తిరగడానికి ఆధారంగా ఉండే కింగ్ పిన్‌కి గ్రీజు ఎలా కొట్టాలో ఇప్పటి డ్రైవర్లని అడిగి చూడండి. యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రం గాల్లోకి లేపి కొడితేనే గ్రీజు అన్ని వైపులకీ వెళ్లి, పాత బురద గ్రీజు బయటికి వస్తుంది. నేల మీదుండగా కొడితే బరువు పడిన వైపు పొడిగానే ఉంటుంది.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి. వంతెన దిగేటప్పుడు న్యూట్రల్ చేసి డీజిల్ మిగిల్చామనుకునేవాళ్లు మన వైపు చాలామంది. గేరులో ఉంచి కాలు తీసేస్తే ఇంజిన్ వేగాన్ని అదుపుచేసే గవర్నర్ పంపు ర్యాక్‌ని వెనక్కి లాగి డీజిల్ ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే ఐడిలింగ్‌కి డీజిల్ పోతూనే ఉంటుంది, పైగా ఇంజిన్ పట్టు పోయి బరువంతా బ్రేకుల మీద పడుతుంది. పాత బండిలో ఆ పని ఎప్పుడూ చేయకండి. కోతల రోజుల్లో రోడ్డు మీద సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది. కళ్లాలు లేని రైతు ఇంకెక్కడ ఆరబోస్తాడు, వాళ్లని ఏమీ అనలేం. కానీ లోడు బండిని మెత్తటి గట్టు అంచుకి దించకుండా తోలాలంటే బ్రేకు మీద నమ్మకం ఉండాలి.

కాగితాల సంగతికి వస్తే, రెండు యాక్సిళ్ల బండికి పన్నెండేళ్లు దాటితే నేషనల్ పర్మిట్ ఉండదు. కాబట్టి మద్రాసు, హౌరా కిరాయిల లెక్క వేసుకుని కొనకండి. మీరు చెప్పిన ధాన్యం, కొబ్బరికాయలు రాష్ట్రం లోపలి పనులే గనక ఇబ్బంది లేదు. ఎనిమిదేళ్లు దాటిన బండి కాబట్టి ఏటా ఎఫ్‌సి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. 15 ఏళ్లు దాటినవాటికి 2022 నుంచి కేంద్రం ఫీజులు బాగా పెంచింది. ఇప్పుడు మీ బండికి ఎంత పడుతుందో కనుక్కుని ఆ డబ్బు ధరలోంచి తగ్గించి అడగండి. చాసిస్‌కి వెల్డింగులు చేసి ఉంటే ఎఫ్‌సి తనిఖీలో ఆగిపోవచ్చు.

కొనడానికి సార్వా (ఖరీఫ్) కోతలు మొదలయ్యాక వెళ్లకండి, అప్పుడు ప్రతి పాత బండికీ పని ఉంటుంది, రేటు దిగదు. వానాకాలం మధ్యలో, కిరాయిలు లేక బండ్లు నిలబడి ఉన్నప్పుడు, మంచి వాన పడుతున్న రోజు చూసుకుని వెళ్లండి. క్యాబిన్ ఎక్కడ కారుతుందో, బాడీ చెక్కల్లోంచి నీళ్లు చాసిస్ మీద ఎక్కడ పడుతున్నాయో కళ్లారా కనిపిస్తుంది. క్లీనర్‌గా పెట్టుకుందామనుకున్న కుర్రాణ్ని కూడా వెంట తీసుకెళ్లి, సుత్తి వాడి చేతికే ఇవ్వండి.