సున్నాలు లెక్కపెట్టి పంపు

చి. సింధుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆ వారం టెక్నాలజీ కబుర్లు, వ్యాపార వార్తలు, చివర్లో నువ్వు కొత్తగా నేర్చుకున్నదేదో ఒకటి కలిపి ప్రతి శనివారం తెలుగులో ఈమెయిల్ ఉత్తరం పంపుతానంటున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఉద్యోగం మానేస్తావేమోనని దాని భయం. నా భయం వేరు, కింద చెప్తాను. ముందు సంతోషం చెప్పుకోనీ. ఇంగ్లీషులో ఇలాంటివి కుప్పలు. బందరులో బట్టల కొట్టు నడుపుకునే మనిషికి అర్థమయ్యేలా తెలుగులో రాసేవాళ్లు తక్కువ. నువ్వు రాయగలవు. చిన్నప్పుడు కిరాణా చీటీ రాసినా నీ వాక్యం తిన్నగానే ఉండేది.

ఉద్యోగం సంగతి ఒక్క ముక్క: 26 శనివారాలు తప్పకుండా పంపు, ఆ తర్వాత మాట్లాడదాం.

సోమవారం నుంచి గురువారం దాకా పోగెయ్యి. శుక్రవారం అందులోంచి మూడే వార్తలు ఏరి రాయి. శనివారం పొద్దున్న పైకి చదివి పంపు. కంపెనీల వార్తయితే స్టాక్ ఎక్స్ఛేంజీలు బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈల సైట్లలో వాళ్లు పెట్టిన అసలు కాగితం తెరువు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలిసీ జారిపడే చోటు ఒకటుంది. తెలుగు బిజినెస్ డెస్కుల్లో తరాలుగా జరుగుతున్న తప్పది. మిలియన్లని, బిలియన్లని లక్షల్లోకీ కోట్లలోకీ మార్చడం. మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. ఇందులో ఏముంది అంటావు. 1.5 బిలియన్‌ని రాత్రి పదకొండింటికి నిద్రమొహంతో మార్చి చూడు. ఒకరు 15 కోట్లంటారు, ఇంకొకరు 1,500 కోట్లంటారు. సరైనది 150 కోట్లు. నోటి లెక్క వద్దు, కాగితం మీద మెట్లు దిగు. 2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ వాట్సాప్‌ని కొంటున్నట్టు ప్రకటించింది 19 బిలియన్ డాలర్లకి. 19 పక్కన రెండు సున్నాలు పెట్టు: 1,900 కోట్ల డాలర్లు. "డాలర్లు" అన్న మాట చేతిలోంచి జారనివ్వకు, సగం తప్పులు అక్కడే పుడతాయి. అప్పట్లో డాలరు దాదాపు 62 రూపాయలు. 1,900ని 62తో హెచ్చిస్తే 1,17,800 కోట్లు. "సుమారు 1.18 లక్షల కోట్ల రూపాయలు" అని రాయి. ఆ వాక్యాన్ని కుదించబోయి "లక్షల" ఎగరగొడితే, అంత పెద్ద కంపెనీ హైదరాబాదులో ఒక ఫ్లాటు ధరకి దిగిపోతుంది.

రేటు కూడా ఆ రోజుదే వాడాలి. అదే 19 బిలియన్లని తర్వాతెప్పుడో వచ్చిన 88 రూపాయల రేటుతో కడితే 1,67,200 కోట్లు. దాదాపు యాభై వేల కోట్ల తేడా ఎక్కడిదని అడిగితే ఏం చెప్తావు? పైగా ధరలో కొంత ఫేస్‌బుక్ షేర్లుగా ఇవ్వడంతో, అదే ఏడు అక్టోబరులో కొనుగోలు పూర్తయ్యేసరికి ఆ షేరు పెరిగి కొనుగోలు విలువ సుమారు 22 బిలియన్లకి చేరింది. రెండు అంకెలూ నిజమే. ఏ తేదీదో రాయకపోతే రెండూ తప్పే.

ఇంకో ఉచ్చు కామాలు. ఇంగ్లీషువాళ్లవి మూడేసి అంకెలకి, మనవి వెయ్యి దాటాక రెండేసికి. 1,500,000,000ని చూసి కామాలు లెక్కపెట్టకు, సున్నాలు లెక్కపెట్టు. ఆఖర్న ఒక గట్టి అంకెతో తూచి చూడు. 2025-26లో ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ దాదాపు 3.22 లక్షల కోట్లు, తెలంగాణది దాదాపు 3.05. నిన్నగాక మొన్న పుట్టిన స్టార్టప్‌కి లక్ష కోట్ల పెట్టుబడి వచ్చిందని నీ చెయ్యి రాస్తే, రాష్ట్ర బడ్జెట్‌లో మూడో వంతు వాళ్ల చేతికెలా వచ్చిందో నువ్వే అడుగు. తప్పు దొరికితే సబ్జెక్ట్ లైను, దాని కింద కనపడే చిన్న వాక్యం, లోపలి మాట, మూడూ దిద్దు. పత్రికకైతే మర్నాడు సవరణ వేసుకునే దారుంది. ఈమెయిల్ వెళ్లిపోయిందంటే వెళ్లిపోయినట్టే.

మిగతావి తొందరగా చెప్తాను. "మొదటి త్రైమాసికం" అని ఊరికే రాయకు. ఇన్ఫోసిస్‌కి అది ఏప్రిల్ నుంచి, మైక్రోసాఫ్ట్‌కి జులై నుంచి, యాపిల్‌కి దాదాపు అక్టోబరు నుంచి. నెలల పేర్లే రాయి. 2025 ఫిబ్రవరిలో రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, 6.50 శాతం నుంచి 6.25కి వచ్చింది. అది పావు శాతం తగ్గడం కాదు, పావు పర్సెంటేజ్ పాయింటు తగ్గడం. 6.50లో పావు శాతమే తగ్గితే దాదాపు 6.48 దగ్గరే ఆగేది. 2018లో వాల్‌మార్ట్ ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటాకి 16 బిలియన్ డాలర్లు పెడితే, "ఫ్లిప్‌కార్ట్‌కి 16 బిలియన్లు" అని రాసినవాళ్లున్నారు. అందులో కంపెనీలోకి కొత్తగా వచ్చింది 2 బిలియన్లే, మిగతాది వాటాలు అమ్ముకున్నవాళ్లకి పోయింది. విశాఖకి గూగుల్ ప్రకటించిన 15 బిలియన్ డాలర్లు అయిదేళ్ల మొత్తం. ఆ "అయిదేళ్ల" అన్న మాట హెడ్డింగ్‌లోనే ఉండాలి. అవగాహన ఒప్పందాన్ని పెట్టుబడి అనొద్దు, అది సంతకం మాత్రమే.

ఇప్పుడు నా భయం. "ఈ షేరు కొనొచ్చు" అన్న మాట పొరపాటున కూడా రాయకు. నీకు చందా కట్టేవాళ్లకి అలా సలహా ఇవ్వాలంటే షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రీసెర్చ్ అనలిస్టుగా రిజిస్టర్ కావాలి, 2014 నిబంధనలు అలా ఉన్నాయి. చట్టం సంగతి సరే. రిటైరైన మాస్టారు ఎవరో నీ వాక్యం చదివి గ్రాట్యుటీ డబ్బు తీసుకెళ్లి పెడతారు. తెలుగులో రాసిన మాటని మనవాళ్లు ఇంట్లోవాళ్లు చెప్పినట్టు నమ్ముతారే తల్లీ. అందుకే ఇంత సాగదీస్తున్నాను, విసుక్కోకు.

మెయిల్ విషయంలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ మొదటి రోజే పెట్టించు, ఉత్తరం నిజంగా నీ దగ్గర్నుంచే వచ్చిందని రుజువు చేసే ఏర్పాట్లవి. 2024 నుంచి జీమెయిల్ చిరునామాలకి రోజుకి 5,000, అంతకి మించి ఉత్తరాలు పంపేవాళ్లకి ఒక్క నొక్కుతో చందా మానుకునే బొత్తాం తప్పనిసరి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. తెలుగు లాంటి లిపులకి ఉన్న చిక్కు ఇంకోటుంది. జీమెయిల్ 102 కేబీ దాటిన ఉత్తరాన్ని మధ్యలో తెంపుతుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, మనకి అక్షరంలోని ఒక్కో ముక్కకి, అంటే హల్లుకి, పొల్లుకి, గుణింతం గుర్తుకి విడివిడిగా మూడేసి. "స్త్రీ" ఒక్కటే పద్దెనిమిది బైట్లు. హంగుల టెంప్లేట్లు మానెయ్యి.

చివర్లో నువ్వు నేర్చుకున్నది రాసే భాగానికి సూక్తులు వద్దు. ఆ వారం తీసుకున్న నిర్ణయం ఒకటి, ఎందుకు తీసుకున్నావో రెండు వాక్యాలు, తేదీ వేసి రాయి. మూడు నెలలకి తిరిగి తీసి ఏమైందో అక్కడే చెప్పు. తప్పయిందని రాసిన వారమే జనం ఎక్కువ జవాబులు రాస్తారు, చూడు.

మొదటి ఉత్తరంలో ప్రతి అంకె కిందా గీత గీసి, పక్కనే అసలు కాగితం లింకు పెట్టి నాకు పంపు. శుక్రవారం రాత్రి తొమ్మిది లోపల పంపితే చూసిపెడతాను. తొమ్మిది దాటితే మాత్ర వేసుకుని పడుకుంటాను. అన్నం వేళకి తిను.

మీ పెద్దమ్మ