ఆరు నెలలా, ఏడాదా? గ్రీన్ కార్డుతో ఇండియాలో ఎన్నాళ్ళు ఉండవచ్చు?

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, వయసు 68. మా అబ్బాయి అమెరికా పౌరుడు. అతని స్పాన్సర్‌షిప్ మీద నాలుగేళ్ళ కిందట నాకూ నా భార్యకూ గ్రీన్ కార్డులు వచ్చాయి. ఏటా ఏడెనిమిది నెలలు డల్లాస్‌లో అబ్బాయి దగ్గర, మిగతా కాలం నరసరావుపేటలో ఉంటున్నాం. ఈసారి మా అమ్మ తుంటి ఎముక విరిగి మంచాన పడడంతో తొమ్మిది నెలలుగా ఇక్కడే ఉండిపోయాం. ఏడాదిలోపు ఒకసారి వెళ్ళి ముఖం చూపించి వస్తే చాలని కొందరు, ఆరు నెలలు దాటితే కార్డు పోయినట్టేనని కొందరు అంటున్నారు. ఏది నిజం? ఏడాది దాటి బయట ఉన్నా తిరిగి ప్రవేశించడానికి ముందుగా తీసుకునే రీ-ఎంట్రీ పర్మిట్‌కు ఇక్కడి నుంచే దరఖాస్తు చేయవచ్చా?

జవాబు: మాస్టారూ, చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే గడువున్నది దానికే. ఇక్కడి నుంచి చేయడం కుదరదు. రీ-ఎంట్రీ పర్మిట్ కోసం ఐ-131 దరఖాస్తు దాఖలు చేసే రోజున మీరు అమెరికా గడ్డ మీద ఉండాలి. మీరు బయలుదేరి వచ్చిన తేదీ నుంచి ఏడాది నిండడానికి ఇంకా మూడు నెలలుంది. ఆ లోపల ఒకసారి వెళ్ళి రాగలరా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. తల్లి మంచాన ఉన్న మనిషిని విమానం ఎక్కమనడానికి నాకు మనసు రావడం లేదు. అయినా ఈ మూడు నెలలు దాటితే దారి చాలా ఇరుకైపోతుంది కాబట్టి చెప్పక తప్పదు.

మీరు విన్న రెండు మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. ఆరు నెలలు దాటినంత మాత్రాన కార్డు పోదు. 180 రోజులకు మించి బయట ఉన్నవారిని చట్టం కొత్తగా ప్రవేశం కోరుతున్నవారిగా చూస్తుంది. అందుకని విమానాశ్రయంలో ప్రశ్నలు ఎక్కువ వేస్తారు, అంతే. ఏడాది సంగతి వేరు. కార్డు ఒక్కదానితో తిరిగి ప్రవేశించే వీలు ఏడాదిలోపు వచ్చేవారికే ఉంటుంది. అది దాటాక, చేతిలో పర్మిట్ లేకపోతే విమానం ఎక్కనివ్వడమే కష్టం.

ముఖం చూపించి వస్తే చాలన్న మాట మాత్రం ఎన్నో తెలుగు కుటుంబాలను ముంచింది. చట్టం అడిగేది మీ ఇల్లు ఎక్కడ, మీరు వెళ్ళింది తాత్కాలికంగానేనా అని. 1975లో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు తీర్పు చెప్పిన కేన్ కేసు చూడండి. జమైకాకు చెందిన ఆ మహిళ ఏటా సుమారు పదకొండు నెలలు స్వదేశంలో తన లాడ్జి నడుపుకుంటూ, నెల రోజులు అమెరికాలో గడిపి వెళ్ళేది. ఏ ఏడూ గడువు దాటలేదు. అయినా శాశ్వత నివాసం వదులుకున్నట్టేనని బోర్డు తేల్చింది. మన పెద్దలు ఎందరో ఇప్పుడు చేస్తున్నది అచ్చం ఇదే.

మీ పరిస్థితి అలాంటిది కాదు. మూడేళ్ళూ ఎక్కువ కాలం అక్కడే ఉన్నారు. ఈసారి ఆగిపోవడానికి కారణం స్పష్టంగా ఉంది, అది ఎప్పటికీ సాగేదీ కాదు. దాన్ని కాగితం మీద చూపగలగాలి. అమ్మగారి డిశ్చార్జి సమ్మరీ, వైద్యుని లేఖ, డల్లాస్ చిరునామాతో ఉన్న డ్రైవింగ్ లైసెన్సు, అక్కడి బ్యాంకు ఖాతా, ఆరోగ్య బీమా, ఏటా అమెరికాలో వేసిన పన్ను రిటర్నులు చేతిసంచిలో పెట్టుకోండి. రిటర్నును ఎట్టి పరిస్థితిలోనూ నాన్ రెసిడెంటుగా వేయకండి. నేను అక్కడ నివసించడం లేదని మీరే సంతకం చేసి ఇచ్చినట్టవుతుంది. నరసరావుపేట ఇంటి అద్దె, ఇక్కడి బ్యాంకు వడ్డీ కూడా ఆ రిటర్నులో చూపాలి.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తుంచుకోండి. దిగగానే అధికారి ఐ-407 అనే ఫారం ముందు పెట్టి సంతకం చేయమనవచ్చు. శాశ్వత నివాసాన్ని స్వచ్ఛందంగా వదులుకుంటున్నానని చెప్పే కాగితం అది. ఇరవై గంటలు ప్రయాణం చేసి, భాష సరిగ్గా అందక, భయపడి సంతకం పెట్టేసిన పెద్దవాళ్ళను చూశాను. ఆ బాధ ఇప్పటికీ నన్ను వదలలేదు. మీరు సంతకం పెట్టనక్కరలేదు. ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు విచారణ కావాలని మర్యాదగా, గట్టిగా అడగండి. మీ హోదాను తీసివేసే అధికారం ఆ అధికారికి లేదు. జడ్జి ముందు కూడా మీరు నివాసం వదులుకున్నారని స్పష్టమైన, తిరుగులేని సాక్ష్యంతో నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిదే.

అక్కడికి చేరాక వెంటనే ఐ-131 వేయండి. కొన్ని వారాలకు వేలిముద్రల అపాయింట్‌మెంటు వస్తుంది. అది అయ్యేదాకా ఆగి, తరవాత అమ్మగారి దగ్గరికి తిరిగి రావచ్చు. పర్మిట్‌ను ఇండియాలోని అమెరికా కాన్సులేటుకు పంపమని దరఖాస్తులోనే కోరవచ్చు. సాధారణంగా అది రెండేళ్ళు చెల్లుతుంది, పొడిగింపు ఉండదు. అది ఉన్నా విమానాశ్రయంలో ప్రశ్నలు తప్పవు. కాకపోతే, కేవలం ఎక్కువ కాలం బయట ఉన్నారన్న కారణంతో మిమ్మల్ని తప్పుపట్టలేరు.

పౌరసత్వం ఆలోచన ఉంటే మరో మాట. ఆరు నెలలు దాటడంతోనే, పౌరసత్వానికి కావలసిన మీ నిరంతర నివాసం తెగిందన్న అనుమానానికి చోటిచ్చారు. ఆధారాలతో దాన్ని తొలగించుకోవచ్చు. ఏడాది దాటితే మాత్రం తెగినట్టే, పర్మిట్ కూడా కాపాడదు. తిరిగి వెళ్ళాక నాలుగేళ్ళ ఒక రోజు గడిచాకే దరఖాస్తు చేయగలరు.

వెళ్ళడం ఎంతకీ కుదరక ఏడాది దాటిందనుకుందాం. అప్పుడు మిగిలేది కాన్సులేటులో డీఎస్-117 ఫారంతో అడిగే ఎస్‌బీ-1 వీసా, అంటే తిరిగి వెళ్ళే శాశ్వత నివాసులకు ఇచ్చే వీసా. బయలుదేరినప్పుడు తిరిగి వెళ్ళే ఉద్దేశం ఉందనీ, ఆగిపోవడం మీ చేతిలో లేని కారణం వల్లనేననీ మీరే నిరూపించాలి. తల్లికి సేవ చేయడాన్ని అధికారులు చాలాసార్లు మీ ఇష్టంతో తీసుకున్న నిర్ణయంగా చూస్తారు. మనకు అది అన్యాయంగా తోచవచ్చు గానీ వాస్తవం అదే. అదీ కాదంటే మీ అబ్బాయి కొత్తగా పిటిషన్ వేయవచ్చు. పౌరుల తల్లిదండ్రులకు ఏళ్ళ తరబడి క్యూ లేదు. అందువల్ల కార్డు పోయినా తలుపు శాశ్వతంగా మూసుకుపోదు. అమ్మగారిని వదిలి రాలేననిపిస్తే ఈ దారి ఉందన్న ధైర్యంతోనే నిర్ణయించుకోండి.

మీ శ్రీమతి విషయంలో పొరపాటు పడకండి. మీ పర్మిట్ ఆమెకు వర్తించదు. ఆమె కూడా స్వయంగా వెళ్ళి, వేరే దరఖాస్తు, వేరే ఫీజు, వేరే వేలిముద్రలు ఇవ్వాలి. అమ్మగారి దగ్గర ఎవరో ఒకరు ఉండక తప్పదనుకుంటే, ఈ మూడు నెలల్లోనే ఒకరు వెళ్ళి వచ్చాక మరొకరు వెళ్ళేలా టికెట్లు చూసుకోండి.