మాస్టారి జవాబులు: మతం ఒకటి, మూలం వేరొకటి

ప్రశ్న: గ్రూప్స్‌కి చదువుతున్నాను మాస్టారూ. మానవ భూగోళశాస్త్రంలో భాష, మతం, జాతి వేర్వేరు అంటారు. మన సిటీలో ముస్లిం అంటే ఉర్దూ, హిందువు అంటే తెలుగే కదా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: ఆ లెక్క మన ఊళ్లోనే కుదరదమ్మా! పాతబస్తీలో హిందువులైన కాయస్థుల ఇళ్లలో ఉర్దూ ఎంత బాగా పలికేదో మా తరం వాళ్లని అడుగు. పార్సీలను చూడు: జాతి మూలం ఇరాన్, మతం జొరాస్ట్రియన్, ఇంటి భాష గుజరాతీ. సంప్రదాయంగా బయటివాళ్లని తమ మతంలో చేర్చుకోరు కాబట్టి దాన్ని జాతి మతం అంటారు. ఇస్లాం, క్రైస్తవం, బౌద్ధం ఎవరైనా చేరగల సార్వత్రిక మతాలు.

ఇక మన సిటీలోని బార్కస్ పేట. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ ఉంటారు. చార్మినార్ ముస్లింలతో మతం ఒకటే, మూలం వేరు. వాళ్లతో పాటే గోధుమ, మాంసం కలిపి వండే హరీస్ వచ్చింది. ఇలా మనుషులు వలస వస్తూ వెంట తెచ్చుకుంటే దాన్ని స్థానాంతర వ్యాప్తి అంటారు. ఇక్కడి మసాలాలు పడి అలాంటి వంటకమే హైదరాబాదీ హలీం అయింది, 2010లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపూ పొందింది. పక్కవాళ్లని చూసి అందరూ తినడం మొదలుపెడితే అది విస్తరణ వ్యాప్తి. రంజాన్ క్యూలో మా వీధి శాకాహారుల పిల్లలూ కనిపిస్తారు, వాళ్లింట్లో చెప్పకు.

భాషల చుట్టరికం ఇంకో దారి. ఉర్దూది ఇండో-యూరోపియన్ కుటుంబం, ఇంగ్లీషుకి దూరపు బంధువు. తెలుగుకి దగ్గరి చుట్టం ఆదిలాబాద్ గోండి.

పరీక్షలో ఒక్క ఉదాహరణే అడిగితే పార్సీలనే రాయి, భాష, మతం, జాతి మూడూ వేర్వేరని అందులోనే తేలిపోతుంది.